బృందానికీ ప్రతిభ ఉంటుందా?

హైదరాబాదు నుంచి బెంగుళూరు రహదారి మీద దక్షిణంగా సుమారు 50 కిలోమీటర్లు పోతే షాద్‌నగర్ వస్తుంది. 2016 వరకు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండి, ఆ తర్వాత రంగారెడ్డి జిల్లాలో చేరిన పట్టణమిది. దీని సమీపంలో ఆకాశం వైపు తిరిగి నిలిచిన పెద్ద పెద్ద గిన్నెల వంటి యాంటెన్నాలను ఈ ప్రాంతపు విద్యార్థులు చాలామంది చూచే ఉంటారు. అవి నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ వారి భూకేంద్రానికి చెందినవి. భూమి చుట్టూ తిరుగుతూ దానిని పరిశీలించే ఉపగ్రహాలు తాము చూచినదానిని రేడియో తరంగాల రూపంలో కిందికి పంపుతాయి. ఆ తరంగాలను పట్టుకొని చిత్రాలుగా మార్చే పని ఇక్కడ జరుగుతున్నది. 1979లో అమెరికా వారి లాండ్‌శాట్ ఉపగ్రహపు సంకేతాలతో మొదలైన ఈ పని, 1988 మార్చి 17న మన ఐ.ఆర్.ఎస్.-1ఎ కక్ష్యలో ప్రవేశించిన తర్వాత మన సొంత ఉపగ్రహాలతో విస్తరించింది.

గోదావరికి వరద వచ్చినదనుకొందాము. ఏ మండలంలో ఎంత నేల మునిగినదీ, ఏ రోడ్డు నీటి కింద ఉన్నదీ చూపే పటం అధికారులకు చేరుతుంది. ఆ పటం సరిగా ఉంటే పడవలు వెళ్లవలసిన ఊరికి వెళతాయి. తప్పుగా ఉంటే మరొక ఊరికి వెళతాయి. ఇప్పుడొక ప్రశ్న. ఆ పటాన్ని తయారుచేసిన ప్రతిభావంతుడు ఎవరు?

ఒక పేరు చెప్పడం సాధ్యం కాదు. ఎందుకు సాధ్యం కాదో తెలియాలంటే పటం ఎట్లా తయారవుతుందో కొంచెం వివరంగా చూడవలెను.

ఆకాశం నుంచి కాగితం వరకు

ఐ.ఆర్.ఎస్.-1ఎ భూమికి 904 కిలోమీటర్ల ఎత్తున తిరిగేది. ఆ ఎత్తులో ఉపగ్రహం వేగం సెకండుకు సుమారు 7.4 కిలోమీటర్లు. అది ఒక దిగంతాన ఉదయించి మరొక దిగంతాన అస్తమించడానికి, సరిగా మన నడినెత్తి మీదుగా పోయినప్పుడు కూడా, పావుగంటకు కొంచెం ఎక్కువ కాలం మాత్రమే పడుతుంది. ఆ కాసేపట్లోనే యాంటెన్నా దానిని చూపు తప్పకుండా వెంబడించవలెను. యాంటెన్నా చూపు ఎంత సన్ననిదో లెక్క కట్టవచ్చును. ఉపగ్రహం పంపే తరంగం పొడవు సుమారు మూడున్నర సెంటీమీటర్లు, గిన్నె వ్యాసం 7.5 మీటర్లు అయితే, ఆ గిన్నె బాగా వినగలిగే కోణం డిగ్రీలో మూడవ వంతుకు మించదు. మన కంటికి పూర్ణచంద్రబింబం అర డిగ్రీ ఉంటుంది. చంద్రబింబం కంటె సన్నని కిరణంతో, పరుగెత్తే వస్తువును ఆకాశం ఈ కొస నుంచి ఆ కొసకు వెంబడించడమన్న మాట! ఉపగ్రహం ఏ క్షణాన ఏ దిక్కున పైకి వస్తుందో ముందుగా గణించి చెప్పేవారు వేరే ఉంటారు. వారు చెప్పినది తప్పయితే గిన్నె ఎంత గొప్పదైనా ఉపయోగం లేదు.

సంకేతాలు దొరికాయి. అవి ఇంకా చిత్రం కాదు. ఐ.ఆర్.ఎస్.-1ఎలోని ఒక కెమెరా సంగతి చూడండి. అందులో 2,048 సూక్ష్మ గ్రాహకాలు ఒక వరుసలో ఉండేవి. ఒక్కొక్క గ్రాహకం నేల మీద 72.5 మీటర్ల చదరపు ముక్కను మాత్రమే చూచేది. రెండు సంఖ్యలనూ హెచ్చవేస్తే 148 కిలోమీటర్ల వెడల్పు వస్తుంది. ఏ ఒక్క కన్నూ ఒక ఊరినైనా పూర్తిగా చూడలేదు. వరుస అంతా కలిసి ఒకటి రెండు జిల్లాల వెడల్పును ఒకేసారి చూచింది. కాని ఈ 2,048 కన్నుల సూక్ష్మత సమానంగా ఉండదు. ఒకటి కొంచెం ఎక్కువ వెలుగు చెబుతుంది, పక్కది కొంచెం తక్కువ చెబుతుంది. ఆ తేడాలను సరిచేయకపోతే చిత్రం నిండా చారలు పడతాయి. అన్నిటికంటె చురుకైన గ్రాహకాన్ని వెదికి దానిని మెచ్చుకోవడం వల్ల ఇక్కడ ఏమీ ఒరగదు. ఒక్కొక్కటి ఎంత ఎక్కువ చెబుతుందో, ఎంత తక్కువ చెబుతుందో తెలుసుకొని ఉండడమే కావలసినది.

ఆ తర్వాత భూభ్రమణం. ఉపగ్రహం 148 కిలోమీటర్ల పొడవు నేలను చిత్రించడానికి సుమారు 23 సెకండ్లు పడుతుంది. ఈ లోపల మన అక్షాంశాల వద్ద భూమి తూర్పుకు దాదాపు 10 కిలోమీటర్లు తిరిగిపోతుంది. కనుక చతురస్రంగా ఉండవలసిన చిత్రం ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. దానిని సరిచేయడం గణితజ్ఞుని పని. వరద రోజులలో ఆకాశమంతా మబ్బు. మామూలు కెమెరా మబ్బును మాత్రమే చూడగలదు. అందుకని మబ్బులోనుంచి చూడగల రాడార్ ఉపగ్రహాలు కావలసివచ్చాయి. 2012లో ఎగిరిన రీశాట్-1, 2022లో ఎగిరిన ఇ.ఓ.ఎస్.-04 ఆ జాతివి. రాడార్ చిత్రంలో నిశ్చలమైన నీరు నల్లగా కనబడుతుంది. కొండ నీడ కూడా నల్లగానే కనబడుతుంది! ఏది నీరో ఏది నీడయో చెప్పడానికి, వరదకు ముందు ఆ నేల ఎట్లా ఉండేదో తెలిసినవాడు కావలెను. ఎప్పుడూ ఉండే చెరువును వరదనీటిగా చూపకుండా చూచేది కూడా ఆయనే.

యాంటెన్నా నడిపేవారికి చెరువుల సంగతి తెలియనక్కర లేదు. చెరువులు గుర్తుపట్టేవారికి కక్ష్యాగణితం రానక్కర లేదు. ఎవరికీ మొత్తం తెలియదు. అయినా పటం వస్తున్నది. మొత్తం తెలిసినది ఆ కూర్పుకు మాత్రమే.

ప్రతిభ అంటే ఏమిటి?

మనం ఒక విద్యార్థిని ప్రతిభావంతుడని ఎప్పుడు అంటాము? ఒక లెక్క చేసినంత మాత్రాన అనము. అతడు లెక్కలతో పాటు భాషలోను, యంత్రాలలోను, కొత్తగా ఎదురైన పనిలోను కూడా తోటివారికంటె ముందు ఉంటే అంటాము. ఆంగ్ల మనస్తత్వ శాస్త్రవేత్త చార్లెస్ స్పియర్మన్ 1904లో ఇదే విషయాన్ని అంకెలలో చూపాడు. ఒక పరీక్షలో బాగా చేసినవారు సాధారణంగా తక్కిన పరీక్షలలో కూడా బాగా చేస్తారని, వీటన్నిటి వెనుక ఒక ఉమ్మడి అంశం ఉన్నదని ఆయన ప్రతిపాదన. ప్రజ్ఞాలబ్ధి పరీక్షలన్నిటికీ వెనుక ఉన్న ఆలోచన ఇదే.

ఇదే గజబద్దతో బృందాన్ని కొలవవచ్చునా? కొలవాలంటే మూడు సంగతులు రుజువు కావలెను. ఆ బృందం ఒక పనిలో కాక నానావిధాలైన పనులలో మంచిదిగా ఉండాలి. ఆ మంచితనం సభ్యుల తెలివితేటలను కూడితే వచ్చే మొత్తం కాకూడదు. సభ్యులు మారినా అది కొంతకాలమైనా నిలవాలి. మూడవది నా ఉద్దేశంలో అన్నిటికంటె కఠినమైనది, అన్నిటికంటె తక్కువగా చర్చించబడినది కూడా. షాద్‌నగర్‌లో 1979లో పనిలో చేరినవారు ఇప్పుడు ఉద్యోగాలలో లేరు. లాండ్‌శాట్ పోయి ఐ.ఆర్.ఎస్. వచ్చింది, టేపుల కాలం పోయింది, 1974లో ఏజెన్సీగా పుట్టిన సంస్థ 2008లో ఇస్రోలో ఒక కేంద్రంగా మారింది. మనుషులు, యంత్రాలు, చివరకు బోర్డు మీది పేరు కూడా మారిపోయిన తర్వాత మిగిలినది ఏమిటి? రాసిపెట్టుకొన్న పద్ధతులు, ఒకరు దిగిపోకముందే మరొకరికి పని అప్పగించే అలవాటు, ఒకరి పనిని ఇంకొకరు తనిఖీ చేసే ఏర్పాటు. బృందపు జ్ఞాపకశక్తి అంటే ఇదే.

పదిమందిలో పాము చావదు

గడ్డిపోచలు కలిస్తే ఏనుగును కట్టవచ్చునని ఒక సామెత. పదిమందిలో పాము చావదని మరొక సామెత. రెండూ మనవే, రెండూ నిజమే. రెండవ దానిని మొదట కొలిచినవాడు ఫ్రెంచి వ్యవసాయ ఇంజనీరు మాక్సిమిలియన్ రింగెల్మన్. ఆయన మనుషులచేత బరువులు లాగించి, తోయించి కొలిచిన ఫలితాలు 1913లో అచ్చయ్యాయి. మనుషుల సంఖ్య పెరిగినకొద్దీ ఒక్కొక్కరి వంతు తగ్గుతూ వచ్చింది. ఎనిమిది మంది కలిసి పనిచేసినప్పుడు ఒక్కొక్కరు తాము ఒంటరిగా చూపగల బలంలో సగం మాత్రమే చూపారు.

ఇది సోమరితనమా? పూర్తిగా కాదు. అందరూ ఒకే క్షణంలో లాగకపోతే కొంత బలం వ్యర్థమవుతుంది. బండరాయిని దొర్లించేవారు పాట పాడుతూ పదం దగ్గర ఒక్కసారిగా తోయడం చూచే ఉంటారు. ఆ పాట వినోదం కాదు, గడియారం. కాని సోమరితనం కూడా కొంత ఉన్నది. 1974లో అమెరికాలో ఈ ప్రయోగాన్ని మళ్లీ చేశారు. లాగేవాడి కళ్లకు గంతలు కట్టి, వెనుక ఇంకా కొందరు లాగుతున్నారని నమ్మించారు. నిజానికి వెనుకవారు లాగడం లేదు. పొరపొచ్చం రావడానికి అవకాశమే లేని ఆ స్థితిలో కూడా అతడు తన బలాన్ని తగ్గించాడు. కాబట్టి బృందంలో నష్టం రెండు విధాలు: కూర్పులో లోపం వల్ల ఒకటి, నా వంతు ఎవరికి తెలుస్తుందిలే అనుకోవడం వల్ల ఒకటి.

ఈ నష్టాలను తగ్గించుకొన్న బృందం దగ్గర మిగిలేది సభ్యుల మొత్తం బలం మాత్రమే గదా, అంతకు మించి ఏమైనా వస్తుందా అని అడగవచ్చును. తాడు లాగడంలో రాదు. కాని ఆలోచించే పనిలో వస్తుందేమో చూడవలసి ఉన్నది.

సమష్టి ప్రజ్ఞ

2010లో సైన్స్ పత్రికలో అనీటా వూలీ, ఆమె సహచరులు ఒక పరిశోధన ప్రకటించారు. 699 మందిని ఇద్దరు నుంచి ఐదుగురు వరకు గల చిన్న బృందాలుగా చేసి, ఒక్కొక్క బృందానికి రకరకాల పనులు ఇచ్చారు: చిత్రాల చిక్కుముళ్లు విప్పడం, కొత్త ఊహలు చెప్పడం, న్యాయాన్యాయాలు తేల్చడం, పరిమితమైన వనరులను పంచుకోవడం మొదలైనవి. స్పియర్మన్ వ్యక్తులలో చూచినదే ఇక్కడ బృందాలలో కనిపించింది. ఒక పనిలో బాగా చేసిన బృందం తక్కిన పనులలోను బాగా చేసింది. ఈ ఉమ్మడి అంశానికి వారు సమష్టి ప్రజ్ఞ అని పేరు పెట్టారు.

అంతకంటె ఆశ్చర్యం మరొకటి. బృందంలోని వారి సగటు తెలివితో గాని, అందరిలోకి తెలివైనవాని తెలివితో గాని ఈ అంశానికి ఉన్న సంబంధం చాలా బలహీనం. దానితో బాగా కలిసివచ్చినవి వేరు. ఎదుటివాని కళ్లను చూచి మనసును గ్రహించే నేర్పు సభ్యులలో ఎంత ఉన్నది? మాట్లాడే వంతు అందరికీ వస్తున్నదా, లేక ఒకరిద్దరే మాట్లాడుతున్నారా? ఆడవారు ఎక్కువగా ఉన్న బృందాలు కూడా మెరుగుగా ఉన్నాయి. మనసును గ్రహించే నేర్పు వారిలో ఎక్కువగా ఉండడమే దీనికి ముఖ్యకారణమని పరిశోధకులు లెక్క చూపారు.

ఈ ఫలితాన్ని అందరూ ఒప్పుకోలేదు. 2017లో రెండు విమర్శలు వచ్చాయి. పాత అంకెలను తిరిగి లెక్కించినవారు ఆ ఉమ్మడి అంశం అంత గట్టిది కాదన్నారు. కొత్తగా ప్రయోగం చేసిన మరి కొందరికి, బృందపు తెలివిలో హెచ్చు భాగం సభ్యుల సొంత తెలివి నుంచే వచ్చినట్లు కనిపించింది. 2021లో 22 అధ్యయనాలను, అనగా 1,356 బృందాలలోని 5,279 మందిని కలిపి పరిశీలించిన మరొక పత్రం వచ్చింది. దానిని రాసినవారిలో వూలీ కూడా ఉన్నారు. సమష్టి ప్రజ్ఞ ఉన్నదని, దానిని నిర్ణయించడంలో సభ్యుల నైపుణ్యం కంటె వారు కలిసి పనిచేసే తీరుకే ఎక్కువ పాలు ఉన్నదని అది తేల్చింది. ఈ వివాదం ముగిసినదని నేను అనుకోను. బుద్ధిమాంద్యులను చక్కగా కూర్చోబెడితే మేధావులవుతారని ఎవరూ చెప్పలేదు. మేధావులను చేర్చినంత మాత్రాన మేధావి బృందం కాదని చెప్పడానికి మాత్రం చాలినంత ఆధారం ఉన్నది.

పెట్టలు నేర్పిన లెక్క

షాద్‌నగర్ చుట్టుపక్కల కోళ్ల ఫారాలు పాఠకులకు తెలియనివి కావు. అక్కడి వారికి వెంటనే బోధపడే ఉదాహరణ ఒకటి ఉన్నది.

గుడ్లు ఎక్కువ పెట్టే జాతిని తయారుచేయాలంటే ఏమి చేస్తారు? ఎక్కువ గుడ్లు పెట్టిన పెట్టలను ఏరి, వాటి సంతతిని పెంచుతారు. ఇది సహజంగా తోచే మార్గం. కాని పంజరంలో పెట్టలు కలిసి బతకాలి. తక్కిన పెట్టలను పొడిచి, వాటి మేత లాగుకొని గుడ్లు పెట్టిన కోడి కూడా లెక్కలో ఉత్తమమైనదిగానే కనబడుతుంది. అటువంటి వాటినే ఏరుతూ పోతే కొన్ని తరాలకు పంజరం నిండా పొడిచే పెట్టలే మిగులుతాయి. ఫారాలలో పిల్లల ముక్కు కొసలు కత్తిరించవలసిరావడం ఇందుకే.

అమెరికాలో పర్డ్యూ విశ్వవిద్యాలయానికి చెందిన విలియం మ్యూర్ వేరొక మార్గం పట్టాడు. ఒకే పుంజుకు పుట్టిన పెట్టలను ఒకే పంజరంలో ఉంచి, ముక్కులు కత్తిరించకుండా వదిలి, మంచి పెట్టను కాక మంచి పంజరాన్ని ఏరాడు. పంజరం మొత్తం మీద ఫలితం బాగుంటే అందులోని పెట్టలన్నిటినీ తర్వాతి తరానికి వాడాడు. 1996లో ప్రకటించిన ఫలితం ఇది: ఏడాదిలో చనిపోయే పెట్టలు రెండవ తరంలో నూటికి 68 ఉండగా, నాలుగవ తరానికి 8.8 అయ్యాయి. ఒక్కొక్క పెట్టకు వచ్చిన గుడ్లు 91 నుంచి 237 అయ్యాయి. ఒంటరి పంజరంలో ఉంచిన మామూలు పెట్టలలో ఎన్ని చనిపోయేవో, గుంపులో ఉన్న ఈ పెట్టలలో కూడా ఇంచుమించు అన్నే చనిపోయాయి.

మనుషులు కోళ్లు కారు. మనకు వంశాన్ని మార్చనక్కర లేకుండానే నడత మార్చుకొనే శక్తి ఉన్నది. అయినా ఈ లెక్కలో ఉన్న చిక్కు మన పాఠశాలలకు కొత్తది కాదు. ఒక విద్యార్థికి వచ్చిన మార్కులలో అతడు పక్కవానికి చెప్పినదీ కనబడదు, పక్కవానినుంచి దాచినదీ కనబడదు.

మనుషుల విషయంలో ఇంతకంటె దగ్గరి సాక్ష్యం గుండె శస్త్రవైద్యులది. రాబర్ట్ హక్మన్, గ్యారీ పిసానో అనే ఇద్దరు పరిశోధకులు 2006లో పెన్సిల్వేనియా రాష్ట్రపు రికార్డులు చూచి ఒక సంగతి ప్రకటించారు. అక్కడ ఒకే వైద్యుడు రెండు మూడు ఆసుపత్రులలో శస్త్రచికిత్సలు చేయడం మామూలు. ఒక ఆసుపత్రిలో ఎక్కువగా చేసిన కొద్దీ అక్కడ అతని రోగుల మరణాలు తగ్గాయి. కాని ఆ అనుభవం వల్ల మరొక ఆసుపత్రిలో అతని ఫలితాలు చెప్పుకోదగినంతగా మెరుగుపడలేదు. చేతులు అవే, కత్తి అదే. మత్తు ఇచ్చేవారు, నర్సులు, పనిముట్లు అందించే వరుస మాత్రం వేరు. నేర్పులో కొంత భాగం వైద్యుని వేళ్లలో కాక, ఆ గదిలో ఉన్నదన్న మాట.

చెప్పదలచిన మాట చేరకపోతే

ప్రతిభావంతులైన వ్యక్తులు, ప్రతిభ లేని ఏర్పాటు కలిస్తే ఏమవుతుందో చెప్పడానికి బాధాకరమైన ఉదాహరణ కొలంబియా వ్యోమనౌక. 2003 జనవరి 16న అది బయలుదేరిన 82 సెకండ్లకు ఇంధనపు ట్యాంకు మీది నురుగు ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్కకు తగిలింది. మరునాడు ఫిల్ములు చూచిన ఇంజనీర్లు గమనించారు. రెక్క ఎంత దెబ్బతిన్నదో తెలియడానికి, కక్ష్యలో ఉన్న నౌకను ఫోటోలు తీయించమని కోరారు. అటువంటి కోరికలు మూడు వెళ్లాయి. ఒక్క ఫోటో కూడా తీయలేదు. ఆ ఫోటోలు తప్పనిసరిగా కావాలని అధికారపూర్వకంగా అడిగినదెవరో తేలలేదని పై స్థాయిలో ఆ ప్రయత్నాన్ని ఆపివేశారు. నురుగు తగలడం అంతకు ముందు యాత్రలలోను జరిగినదే గదా అన్న ధీమా కూడా తోడయింది. ఫిబ్రవరి 1న తిరిగి వస్తూ నౌక ముక్కలై, కర్నాల్‌లో పుట్టిన కల్పనా చావ్లాతో సహా ఏడుగురు మరణించారు.

విచారణ సంఘం అదే సంవత్సరం ఆగస్టులో నివేదిక ఇస్తూ, ఈ ప్రమాదానికి నురుగు ముక్క ఎంత కారణమో సంస్థ నడిచే తీరు కూడా అంత కారణమని చెప్పింది. అక్కడ తెలివికి కొదవ లేదు. తెలిసినవారు ఉన్నారు, వారు అడిగారు కూడా. కింద తెలిసినది పైకి తెలియడానికి దారి లేదు. షాద్‌నగర్ పటంలో కొండనీడను నీరుగా గుర్తించిన తప్పును ఒక కొత్త ఉద్యోగి కనిపెట్టాడని ఊహించండి. ఆయన మాట పటం బయటికి పోకముందే వినబడుతుందా లేదా అన్నదాని మీద ఎవరి ఇంటికి పడవ వస్తుందో ఆధారపడి ఉంటుంది.

మాట ఎప్పుడు పైకి వస్తుంది? ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రులలో మందులు ఇచ్చేటప్పుడు జరిగే పొరపాట్లను పరిశీలించి 1996లో ఒక వింత ప్రకటించారు. మంచి నాయకత్వం, మంచి పొందిక గల వార్డులలో నమోదైన తప్పులు తక్కువగా ఉంటాయని ఆమె ఎదురుచూచారు. ఎక్కువగా ఉన్నాయి! మంచి వార్డులలో తప్పులు ఎక్కువ జరగడం లేదు. జరిగినవి దాచకుండా చెప్పుకొంటున్నారు. చెడ్డ వార్డులలో పుస్తకం శుభ్రంగా ఉన్నది, అంతే.

శ్రీహరికోటలో జరిగిన సంగతిని ఈ దృష్టితో చూడవచ్చును. 1979 ఆగస్టు 10న ఎగిరిన ఎస్.ఎల్.వి.-3 రాకెట్ రెండవ దశలో అదుపు తప్పి, 317 సెకండ్లలో దాని కథ ముగిసి సముద్రంలో పడింది. పథకానికి నాయకుడు అబ్దుల్ కలాం. పత్రికలవారి ముందుకు వచ్చి బాధ్యత తనదని చెప్పినవారు ఇస్రో అధ్యక్షుడు సతీశ్ ధవన్. 1980 జూలై 18న రెండవ రాకెట్ 35 కిలోల రోహిణిని కక్ష్యలో పెట్టినప్పుడు మాత్రం పత్రికలవారి దగ్గరకు కలామును పంపారు. కలాం స్వయంగా అనేక సభలలో చెప్పిన ఈ సంగతిని సాధారణంగా ఒక పెద్దమనిషి ఔదార్యంగా చెప్పుకొంటారు. ఔదార్యమే, సందేహం లేదు. కాని అది మంచి యంత్రశాస్త్రం కూడా. నింద ఎవరి మీద పడుతుందో అన్న భయం ఉన్నచోట, ఏ కవాటం కారినదో చెప్పేవారు దొరకరు. మొదటి రాకెట్‌లో జరిగినది అదే: నియంత్రణ వ్యవస్థలోని ఒక కవాటం సరిగా మూసుకోక ద్రవం కారిపోయింది.

కూర్పు మార్చితే ఫలితం మారుతుందనడానికి షాద్‌నగర్‌లోనే మరొక నిదర్శనం ఉన్నది. చాలాకాలం సంకేతాలను ఇక్కడ పట్టుకొని, టేపుల మీద ఎక్కించి, హైదరాబాదులోని బాలానగర్‌కు తీసుకొనిపోయి అక్కడ చిత్రాలుగా మార్చేవారు. 2010 తర్వాతి సంవత్సరాలలో స్వీకరించడం, సరిచేయడం, పంపిణీ చేయడం అన్నిటినీ షాద్‌నగర్ ఆవరణలో ఒకే గొలుసుగా కలిపారు. 2013 నుంచి అంటార్కిటికాలోని భారతి స్థావరంలో పట్టుకొన్న సంకేతాలు కూడా ఇక్కడికే వచ్చి చేరసాగాయి. పటం తయారుకావడానికి పట్టే కాలం ఎంతో తగ్గింది. మనుషుల ప్రజ్ఞాలబ్ధి పెరిగిందని ఎవరూ అనరు. ఒకరి పని ముగిసి మరొకరి చేతికి అందే చోట్ల ఆలస్యం తగ్గింది.

తరగతిలో చేయదగిన ప్రయోగం

ఇదంతా చదివి ఊరుకొనడం కంటె పరీక్షించి చూడడం మేలు. ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులు దీనిని రెండు పీరియడ్లలో చేయవచ్చును, ఖర్చు ఏమీ లేదు.

నలభైమంది గల తరగతిని చీటీలు వేసి ఐదుగురు చొప్పున ఎనిమిది జట్లుగా విభజించండి. స్నేహితులను ఒకే జట్టులో చేరనీయరాదు. చీటీలు వేయడం అందుకే. మొదట ప్రతి విద్యార్థికీ విడిగా ఇరవై ప్రశ్నల తర్కపరీక్ష ఒకటి పెట్టి, ఒక్కొక్క జట్టు సగటు మార్కులు, అందులో అత్యధిక మార్కులు రాసిపెట్టుకోండి. వాటిని పిల్లలకు చెప్పవద్దు. తర్వాత మూడు ఉమ్మడి పనులు ఇవ్వండి. గాజు సీసాలో పోసిన చింతగింజలు ఎన్నో అంచనా కట్టి జట్టంతా కలిసి ఒకే సంఖ్య చెప్పడం మొదటిది. పాత సైకిల్ టైరుతో చేయదగిన పనులు ఐదు నిమిషాలలో ఎన్ని వీలైతే అన్ని చెప్పడం రెండవది. మూడవది కొంచెం తయారీ కోరుతుంది: ఒక ఊరి పటం గీచి, అందులో ఒక బావి ఎక్కడున్నదో తెలిపే ఐదు ఆధారాలను ఐదు కాగితాల మీద రాసి, ఒక్కొక్కరికి ఒకటి ఇవ్వాలి. కాగితం ఎవరూ ఎవరికీ చూపరాదు, మాటతోనే చెప్పుకోవాలి. ఆధారం తన చేతిలో ఉన్న నెమ్మదస్తుడు నోరు తెరవకపోతే జట్టుకు బావి దొరకదు. 1971లో ఎలియట్ ఆరన్సన్ అనే ఆచార్యుడు అమెరికాలోని ఆస్టిన్ పట్టణపు పాఠశాలలలో ఇదే కిటుకుతో పాఠాలు చెప్పించి, ఒకరినొకరు ద్వేషించుకొనే పిల్లల మధ్య సామరస్యం తేవడానికి ప్రయత్నించాడు.

ప్రతి జట్టు పక్కనా పై తరగతి విద్యార్థిని ఒకరిని కూర్చోబెట్టి, ఎవరు ఎన్నిసార్లు మాట్లాడారో గీతలు పెట్టించండి. చివరకు జట్లకు నాలుగు విధాల ర్యాంకులు వస్తాయి: సగటు మార్కులను బట్టి, అత్యధిక మార్కులను బట్టి, మాటల పంపకం సమంగా ఉండడాన్ని బట్టి, మూడు పనుల ఫలితాన్ని బట్టి. నాలుగవ ర్యాంకుతో తక్కిన మూడింటిలో ఏది దగ్గరగా ఉన్నదో చూడాలి. ఇందుకు స్పియర్మన్ సూత్రమే పనికివస్తుంది, అదికూడా ఆయన 1904లో ఇచ్చినదే. ఒక్కొక్క జట్టుకు రెండు ర్యాంకుల మధ్య భేదం కనుగొని, వర్గం చేసి, ఎనిమిదింటినీ కూడి, 6తో హెచ్చించి, 504తో భాగించి, వచ్చినదానిని 1 నుంచి తీసివేయాలి. 504 ఎక్కడిదంటే, ఎనిమిదిని ఎనిమిది వర్గంలో ఒకటి తక్కువైన 63తో హెచ్చవేయగా వచ్చినది. ఫలితం 1కి దగ్గరగా ఉంటే సంబంధం గట్టిది. ఎనిమిది జట్లే ఉన్నాయి గనుక 0.74 కంటె తక్కువ వస్తే అది కాకతాళీయం కావచ్చునని విద్యార్థులకు చెప్పండి; ఒక తరగతి ఫలితంతో వూలీని సమర్థించడానికీ వీలులేదు, ఖండించడానికీ వీలులేదు. నాలుగైదు పాఠశాలలవారు కలిసి అంకెలు పోగుచేస్తే అప్పుడు మాట్లాడవచ్చును.

వారం తర్వాత జట్లను మార్చి మళ్లీ చేయండి. చింతగింజల సీసాను మాత్రం తప్పక మార్చవలెను. మొదటిసారి చెప్పిన సంఖ్యను పిల్లలు మరచిపోరు.